రోహిణి కార్తె దాటి బతికే మొక్కలు: పెరటికి మూలికలు, నేలను కప్పే మొక్కలు ఎంచుకోవడం ఎలా?

ఏళ్ల తరబడి బతికే మూలికల కోసం ఇంటర్నెట్‌లో వెతికితే ముందుగా లావెండర్, థైమ్, సేజ్ అంటూ జాబితాలు వస్తాయి. అవి తప్పు కావు. మంచు కురిసే దేశాల వాళ్లు తమ కోసం రాసుకున్నవి, అంతే. వాళ్లకు గట్టి మొక్క అంటే చలికాలమంతా మంచు కింద ఉండి, ఆ తర్వాత మళ్లీ చిగురించేది. మన మొక్కకు పెట్టే పరీక్ష వేరు. మే 25 ప్రాంతంలో మొదలయ్యే రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ముందు ఆ రెండు వారాలు దాటాలి. దాటాక జూలై, ఆగస్టుల్లో మొక్క మొదలు దగ్గర నీళ్లు నిలిచినా కుళ్లకుండా ఉండాలి. ఈ రెండో సంగతి చాలామందికి తట్టదు. నాకూ తట్టలేదు. రెండు కుండీల లావెండర్, మూడు కుండీల థైమ్ కొన్నాను. వేసవంతా గ్రీన్ నెట్ కట్టి, పూటపూటకీ నీళ్లు చిలకరించి ఎలాగో కాపాడాను. వానలకు ముసురు పట్టిన ఒక్క వారంలో ఐదూ కుళ్లిపోయాయి.

ఇక పని ఎక్కడ మొదలుపెట్టాలో చూద్దాం.

కొనేముందు వీధి తిరగండి

మే నెలలో ఒక సాయంత్రం చెప్పులేసుకుని మీ వీధుల్లో ఒక చుట్టు తిరిగి రండి. ముచ్చటగా పెంచుకున్న తోటలను చూడక్కర్లేదు. ఎవరూ నీళ్లు పోయని చోట్లు చూడాలి: ఖాళీ ప్లాట్లు, గుడి వెనక గోడ, సెలవులకు మూసేసిన బడి ఆవరణ, తాళం వేసిన ఇల్లు. అక్కడ పచ్చగా ఉన్నది ఏదైనా మీ ఊరి మట్టికీ ఎండకూ అలవాటుపడ్డ మొక్కే. కంచె మీద నల్లేరు, వేపచెట్టుకు అల్లుకున్న తిప్పతీగ, పగిలిన కుండీలో కలబంద, గోడ వారన రణపాల. ఈ నాలుగూ దాదాపు ఏ ఊళ్లోనైనా కనిపిస్తాయి.

మే నెల కాకపోతే పెద్దవాళ్లను అడగండి. మా వెనకింటి మామ్మగారు ఏటా ఎండల్లో నెల రోజులు కూతురి దగ్గరికి వెళ్తారు. "తిరిగొచ్చేసరికి ఏవి మిగులుతాయి మామ్మగారూ?" అని అడిగాను. "కలబంద, వామాకు, ఆ నిమ్మగడ్డీ ఉంటాయి నాయనా. తులసమ్మకు మాత్రం నీళ్లు పొయ్యమని మీ ఆవిడకు చెప్పి వెళ్తాగా" అన్నారు. నేను నర్సరీలో గంటసేపు అడిగినా ఇంత పనికొచ్చే మాట ఎవరూ చెప్పలేదు.

ఎండ ఎక్కడ, తడి ఎక్కడ?

కాగితం మీద పెరడు గీసుకోండి. ఉదయం 9కి, మధ్యాహ్నం 1కి, సాయంత్రం 4కి ఎండ ఎక్కడిదాకా వస్తోందో గుర్తు పెట్టండి. పడమటి ఎండ పడే గోడ పక్క స్థలాన్ని విడిగా గీయండి. ఆ గోడ పొద్దుగూకాక కూడా చాలాసేపు వేడి కక్కుతుంది. అక్కడ కలబంద, నల్లేరు తప్ప సుకుమారమైనది ఏదీ పెట్టకండి. ఆ తర్వాత తడి ఉండే చోట్లు గుర్తించండి: కుళాయి కింద, మేడ మీది వాన నీరు దిగే గొట్టం దగ్గర, ఏసీ పైపు చివర. ఏసీ నీళ్లను చాలామంది పట్టించుకోరు. ఆ నీళ్లలో ఉప్పు ఉండదు. పైగా మొక్కకు దాహం ఎక్కువయ్యే నెలల్లోనే ఏసీ ఎక్కువగా నడుస్తుంది. మా ఇంట్లో ఆ పైపు చివరను సరస్వతి ఆకు తొట్టిలోకి పెట్టేశాం. రెండేళ్లుగా వేసవిలో ఆ తొట్టికి వేరే నీళ్లు పోసే పని లేదు.

మట్టికి ఒక చిన్న పరీక్ష ఉంది. అడుగు లోతు, అడుగు వెడల్పు గొయ్యి తీసి నీళ్లు నింపండి. అది ఇంకాక మళ్లీ నింపి గంట ఆగి చూడండి. ఒక అంగుళం కూడా దిగకపోతే అక్కడ నీరు నిలుస్తుందని అర్థం. నల్లరేగడి నేలల్లో ఇలాగే ఉంటుంది. వేసవిలో చెయ్యి పట్టేంత బీటలు, వానల్లో జిగట బురద. అలాంటి చోట 8, 10 అంగుళాల ఎత్తు మడి కట్టి, ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి నింపుకోవాలి. కొత్త ఇళ్లవాళ్లకు ఇంకో బెడద ఉంటుంది. కట్టుబడి అయ్యాక పైపైన ఎర్రమట్టి పరిచి ఇల్లు అప్పగిస్తారు. గునపం దింపితే అర అడుగు కింద ఇటుక ముక్కలు, సిమెంటు గడ్డలు ఖణేల్‌మంటాయి. వాటిని ఏరి పారేయకుండా పైన ఎంత ఎరువు వేసినా ఆ డబ్బు దండగే.

ఎండ దంచే చోటుకు

ఈ చోటికి మొదటి ఓటు నిమ్మగడ్డికి వేస్తాను. విత్తనం అక్కర్లేదు. ఎవరి దుబ్బు నుంచైనా రెండు మూడు పిలకలు వేళ్లతో సహా చీల్చి తెచ్చుకోండి. ఆకులను జానెడు ఉంచి కత్తిరించి, రెండడుగుల ఎడంలో నాటండి. నాలుగైదు నెలల్లో మొదటి కోత వస్తుంది. ఆ తర్వాత రెండు మూడు నెలలకోసారి నేల నుంచి నాలుగైదు అంగుళాలు వదిలి కోసుకోవచ్చు. అంచులు బ్లేడులా ఉంటాయి కాబట్టి పూర్తి చేతుల చొక్కా వేసుకుని కొయ్యండి. నాలుగైదేళ్లకు దుబ్బు మధ్యలో ఎండిపోయి బోడి అవుతుంది. అప్పుడు తవ్వి, విడదీసి, అంచున ఉన్న పిలకలను మళ్లీ నాటుకోవాలి. ఔషధ, సుగంధ మొక్కల మీద పరిశోధన చేసే లక్నోలోని సీమ్యాప్ సంస్థ నిమ్మగడ్డిలో 'కృష్ణ' లాంటి రకాలు విడుదల చేసింది. హైదరాబాదు బోడుప్పల్‌లో ఆ సంస్థకు పరిశోధన కేంద్రం కూడా ఉంది. నూనె తీసే రైతుకు ఆ రకాలు ముఖ్యం. టీలో వేసుకునే రెండు రెబ్బలకు మాత్రం పక్కింటి దుబ్బు చాలు. అన్నట్టు, నిమ్మగడ్డి పెంచితే దోమలు రావని చెప్పి అమ్ముతారు. దోమలను కొంతసేపు దూరంగా ఉంచేది ఆకు నుంచి తీసిన నూనె. మొక్క ఊరికే నిలబడి ఉంటే దోమకు ఏమీ కాదు.

వట్టివేరు చూడ్డానికి నిమ్మగడ్డిలాగే ఉంటుంది గానీ ఆకు నలిపితే నిమ్మ వాసన రాదు. దీని గొప్పంతా కిందే. వేళ్లు పక్కలకు పాకకుండా నిలువుగా రెండు మూడు మీటర్లు దిగుతాయి. పెరడు వాలుగా ఉండి వానకు మట్టి కొట్టుకుపోతుంటే, ఆ వాలుకు అడ్డంగా అర అడుగు ఎడంతో ఒక వరుస నాటండి. మూడో వానాకాలానికి అక్కడ చిన్న గట్టు లేస్తుంది. వేరు కోసమే పెంచుకునేవాళ్లు మాత్రం దాన్ని నేలలో వేయకండి, తవ్వలేక నడుం పడిపోతుంది. అడుగున చిల్లులు పెట్టిన పాత డ్రమ్ములో ఇసుక పాలు ఎక్కువ ఉన్న మట్టి నింపి వేసుకోండి. ఏడాదిన్నర ఆగి డ్రమ్ము పడగొడితే మట్టి రాలిపోయి వేరు చేతికొస్తుంది. కూజాలో వేసుకోవడానికి అంతకన్నా ఏం కావాలి!

నల్లేరు చాలామంది ఇళ్లలో వేయరు, కంచె మొక్కే కదా అని చిన్నచూపు. నలుపలకల కాడను రెండు కణుపులు ఉండేలా కోసి, రెండు మూడు రోజులు నీడలో ఆరనిచ్చి గుచ్చితే చాలు, బతుకుతుంది. వండాలంటే మాత్రం ఒడుపు కావాలి. లేత చివర్లే తుంచాలి. ముదురు కణుపులు పీచుగా ఉంటాయి. వట్టి చేతులతో ముట్టుకుంటే దురద పెడుతుంది కాబట్టి ముందు అరచేతులకు నూనె రాసుకోవాలి. అంచుల్లోని నార తీసి, ముక్కలను నూనెలో బాగా వేయించి, చింతపండు గట్టిగా పడేలా పచ్చడి చేస్తారు. వేయించడంలో తొందరపడితే ఆ దురదే గొంతులో మొదలవుతుంది. ఒకసారి నాకు అయింది, మజ్జిగ తాగుతూ కూర్చున్నాను.

వామాకును కొమ్మ విరిచి గుచ్చినా వస్తుంది. మధ్యాహ్నం కాస్త నీడ పడితే ఆకు మందంగా, లేతగా ఉంటుంది. బజ్జీలకు అదే బాగుంటుంది. ఇది మనం వంటల్లో వేసే వాము గింజల మొక్క కాదని గుర్తుంచుకోండి. వాసన కలిసింది గానీ ఆ మొక్క వేరు, అది ఒక్క పంటతో అయిపోయేది. కలబందకు పెద్దగా చెప్పాల్సింది లేదు. దాన్ని చంపేది ఎండ కాదు, రోజూ నీళ్లు పోసే మన చెయ్యి.

తులసి విషయంలో ఉన్న మాట చెప్పాలి. అది ఏళ్లకేళ్లు ఉండే మొక్కే అయినా ఒక్కో మొక్క రెండు మూడేళ్లకు కర్రదేలి బలహీనపడుతుంది. కంకులు గింజ పట్టకముందే తుంచుతూ ఉంటే ఇంకొంత కాలం నిలుస్తుంది. ఒకటి రెండు కంకులు మాత్రం వదలండి, కింద రాలిన గింజలే వానలకు మొలుస్తాయి. పాతది పోయేలోపు కొత్తది కోటలోకి ఎక్కించవచ్చు.

ఇంకా ఏం వేయాలో తోచకపోతే వినాయక చవితి 21 పత్రుల జాబితా తీయండి. అందులో మాచీపత్రం, గరిక, తులసి, విష్ణుక్రాంతం, మరువం, వావిలి అన్నీ ఏళ్లపాటు ఉండేవే. నీలి చుక్కల్లాంటి పూల విష్ణుక్రాంతం నేలకు అంటుకుని పెరుగుతుంది, రాతి నేలను కూడా లెక్కచేయదు. మాచిపత్రి పిలకలు వేస్తూ పోతుంది. మరువం ఒక్కటే కాస్త నాజూకు. దాన్ని కుండీలో, పొద్దుటి ఎండ మాత్రమే తగిలే చోట ఉంచండి.

తడి, నీడ ఉన్న చోటుకు

సరస్వతి ఆకు అని అడిగితే నర్సరీలో రెండు వేర్వేరు మొక్కల్లో ఏదైనా చేతిలో పెట్టవచ్చు. ఒకటి గుండ్రంగా, ఒకవైపు నొక్కు పడ్డ ఆకుతో, సన్నటి కాడ మీద గొడుగులా ఉంటుంది. రెండోది నీటి బ్రాహ్మి. చిన్న చిన్న దళసరి ఆకులు, లేత ఊదా లేదా తెల్లటి పూలు. రెండూ పాకుతాయి, రెండూ తడి కోరతాయి. మొదటిది నీడలో హాయిగా ఉంటుంది, రెండోదానికి ఎండ కూడా కావాలి, బురదలో ఉన్నా పరవాలేదు. పచ్చడి చేసుకుంటామంటే మొదటిదే తెచ్చుకోండి.

కుళాయి పక్కన పొన్నగంటి వేస్తే నెలకు రెండుసార్లు పప్పులోకి ఆకు కొనక్కర్లేదు. కట్ట కొన్నప్పుడు ముదురు కాడలు పారేయకుండా తడి మట్టిలో పడుకోబెట్టండి, కణుపు కణుపుకూ వేళ్లొస్తాయి. పుదీనా కూడా అంతే. కాకపోతే పుదీనాను వెడల్పాటి తొట్టిలోనే ఉంచండి, నేలలోకి దిగితే పక్క మొక్కలను బతకనివ్వదు. తినే ఆకులేవీ బట్టలుతికిన నీళ్లు పారే కాలువ పక్కన వద్దు. కూరగా వండుకోవడం వరకు సరే, వీటితో రోజూ కషాయాలు కాచుకుని తాగాలనుకుంటే మాత్రం ముందు డాక్టరును అడగండి, ఏవైనా మందులు వాడుతున్నవాళ్లు తప్పకుండా.

నేలను కప్పడానికి

ఖాళీ నేల ఖాళీగా ఉండదు. మీరేమీ వేయకపోతే వయ్యారిభామ వేసుకుంటుంది. గ్రౌండ్ కవర్ అనగానే అందరూ లాన్ అడుగుతారు. చిన్న పెరడుకు కొరియన్ గడ్డి పరిస్తే వేసవిలో నీళ్లకూ, కలుపు తీతకూ మనిషిని పెట్టుకోవాల్సిందే. నా ఓటు పింటో పీనట్‌కు. మన వేరుశనగకు దాయాది, బ్రెజిల్ నుంచి వచ్చింది. జానెడు కూడా లేవదు, పసుపు పూలు పూస్తుంది. వేళ్ల బుడిపెల్లో నత్రజనిని నిలుపుకుంటుంది కాబట్టి ఎరువు బెంగ తక్కువ. మామిడి, కొబ్బరి చెట్ల కింద నీడలో కూడా వస్తుంది. అప్పుడప్పుడు తొక్కినా తట్టుకుంటుంది. మండే ఎండల్లో వారానికి రెండు తడులు అందకపోతే ఆకు రాల్చి బోసిపోతుంది గానీ తొలకరికి మళ్లీ అల్లుకుంటుంది.

నిలువునా ఎండ పడే గట్ల మీద గడ్డి గులాబీ బాగుంటుంది. నాచు పూలనీ, టేబుల్ రోజ్ అనీ కూడా అంటారు. ఎండ లేకపోతే పూవు విచ్చదు, కాబట్టి నీడలో పెట్టి పూయలేదని బాధపడకండి. దాని చుట్టమే గంగవాయిల కూర. అది ఒక్క ఏడాది మొక్కే అయినా గింజ రాలి ప్రతిసారీ తనే వస్తుంది, పప్పులోకి వేసుకోవచ్చు. ఎర్ర కాడల గలిజేరు కూడా అడగకుండానే వస్తుంది. పైన ఎండినా లోతున దుంపలాంటి వేరు ఉంటుంది, వాన పడగానే చిగురిస్తుంది. కలుపని పీకకుండా ఒక మూల వదలండి. రెయిన్ లిల్లీ బాట పక్కన చక్కగా ఉంటుంది గానీ ఆకులు ఉల్లికాడల్లా కనిపిస్తాయి. గడ్డ విషం, పిల్లలున్న ఇంట్లో కూరల మడికి దూరంగా పెట్టండి.

వేయకూడనివి

పసుపు చామంతిలాంటి పూలతో, నిగనిగలాడే ఆకులతో వెడీలియా అని ఒకటి అమ్ముతారు. నెలలో నేలంతా కప్పేస్తుంది, దాన్ని చూసే కొంటాం. ఆ తర్వాత ఆపలేం. ముక్క పడిన చోటల్లా వేరు పడుతుంది. ప్రపంచంలోని 100 అతి చెడ్డ దురాక్రమణ జాతుల జాబితాలో అదీ ఉంది, లాంటానా కూడా ఉంది. గరిక పూజకు కావాలంటే కుండీలో పెంచుకోండి, మడి పక్కన మాత్రం వద్దు.

పాముల సంగతి కూడా అడుగుతారు. మొక్క పామును పిలవదు. దుబ్బు కింద ఎలుక చేరితే దాని కోసం పాము వస్తుంది. అందుకే గుమ్మం దగ్గర, మెట్ల వారన అరడుగు కన్నా ఎత్తు పెరిగేది వేయకండి. నిమ్మగడ్డి దుబ్బు అడుగున ఎండిన ఆకు ఎప్పటికప్పుడు తీసేసి మొదలు కనిపించేలా ఉంచండి.

నర్సరీలో ఏం చూడాలి?

మన ఊళ్ల నర్సరీల్లో అమ్మే మొక్కల్లో చాలా భాగం తూర్పు గోదావరిలోని కడియం, కడియపులంక వైపు నుంచే వస్తాయి. గోదావరి ఒడ్డు తేమలో, షేడ్ నెట్ కింద పెరిగిన మొక్క అది. తెచ్చిన రోజే రామగుండం ఎండలో పెడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. పది రోజులు చెట్టు నీడలో ఉంచి, తర్వాత పొద్దుటి ఎండకు, ఆపైన పూర్తి ఎండకు అలవాటు చేయండి.

పొడుగ్గా ఎదిగి నిండా పూసిన మొక్క వద్దు. పొట్టిగా, మొదలు దగ్గరే నాలుగైదు కొమ్మలున్నది తీసుకోండి. ఆకు మొదళ్లలో తెల్లటి పిండినల్లి ఉందేమో ఆకు తిప్పి చూడండి. కవర్ కింద చిల్లుల్లోంచి లేత వేళ్లు కనిపిస్తే మంచిదే, లావుపాటి వేరు చుట్లు చుట్టుకుని ఉంటే వదిలేయండి. కొన్ని మొక్కలు గట్టి బంకమట్టి ముద్దతో వస్తాయి. దాన్ని అలాగే పాతితే చుట్టూ నీళ్లున్నా ముద్ద లోపలికి దిగవు. నాటే ముందు అరగంట బకెట్లో నానబెట్టి, ముద్దను వేళ్లతో మెల్లగా వదులు చేయండి.

నాటడం

తెలంగాణలో, కోస్తాలో ఎక్కువ భాగానికి జూన్ 8 ప్రాంతంలో మృగశిర కార్తె వచ్చి రెండు మంచి వానలు పడ్డాక నాటడం మేలు. నెల్లూరు, తిరుపతి వైపు పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో కాబట్టి సెప్టెంబరు చివర దాకా ఆగినా నష్టం లేదు. ఫిబ్రవరి తర్వాత మాత్రం ఎవరూ మొదలుపెట్టకండి.

నాటే ముందు తుంగ పీకాలి. నా అనుభవంలో ఈ పని అందరూ సగంలో వదిలేస్తారు. పైన గడ్డి లాగితే తెగి వస్తుంది, కింద నల్లటి గడ్డలు గొలుసులా ఉండిపోతాయి. ఒక్క గడ్డ మిగిలినా మీ పింటో పీనట్ మధ్యలోంచి తుంగ లేస్తుంది, అప్పుడు రెంటినీ విడదీయలేరు. మడి తడిపి, వారం ఆగి, మొలిచిన తుంగను గడ్డతో సహా తవ్వి తీయండి. ఇలా మూడుసార్లు చేశాకే మొక్క పెట్టండి.

నేలను కప్పే మొక్కలు ఎన్ని కొనాలో లెక్క వేసుకోండి. 20 సెంటీమీటర్ల ఎడంలో నాటితే చదరపు మీటరుకు 25 మొక్కలు. 10 చదరపు మీటర్లకు 250. అన్నీ కొంటే జేబుకు చిల్లు. పది కొని ఒక మూల తల్లిమడి వేసుకోండి. వానాకాలంలో తీగలు తుంచి గుచ్చుకుంటూ పోతే రెండో ఏటికి స్థలమంతా నిండుతుంది. అప్పటిదాకా మధ్య ఖాళీల్లో ఎండుటాకులో, కొబ్బరి పీచో రెండంగుళాల మందాన పరచండి.

మొదటి నెల రోజు విడిచి రోజు నీళ్లు. తర్వాత వారానికి ఒకటి రెండుసార్లు, కానీ మట్టి లోతుగా తడిసేలా. రోజూ పైపైన చిలకరిస్తే వేళ్లు పైనే ఉండిపోయి ఏప్రిల్లో మాడిపోతాయి. మొదటి వేసవిలో కొన్ని చచ్చినా కంగారుపడి అదే మొక్క మళ్లీ కొనకండి. పక్కన బతికిన దాని పిలకతోనే ఆ చోటు నింపండి.

డాలస్‌లో ఉన్న మా తమ్ముడు ఇది చదివి "మాకు రివర్స్ కదా అన్నయ్యా" అంటాడు. నిజమే. వాడి నిమ్మగడ్డి, వామాకు కుండీలు నవంబరులో గ్యారేజీలోకి వెళ్లి మార్చిలో బయటికొస్తాయి. నేను చంపుకున్న థైమ్ వాడి పెరట్లో ఏ దిక్కూ లేకుండా పెరుగుతోంది.

మీ దుబ్బులు విడదీసే రోజు ఎవరైనా పిలకలు అడిగితే, వేళ్లకు తడి గోనెపట్టా చుట్టి ఇవ్వండి. ఆకులు కత్తిరించి ఇస్తే రెండు రోజుల బస్సు ప్రయాణం కూడా తట్టుకుంటాయి.